మొదటి భాగం తగ్గించుట గురించి

రెండో భాగం తీసిన ఏ సినిమా అయినా మొదటి భాగంతో సమానంగా ఉండి తీరాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన రోజున, హైమవతి ఆ వార్త సగమే చదవగలిగింది. మిగతా సగం మీద కాకరకాయ చెక్కు పడి ఉంది. చెక్కు దులిపి చదువుదామనుకునేలోపు మొగుడు జోగారావు కారియర్ సర్దలేదేమని కేకేశాడు. ఆ విధంగా రాష్ట్ర ప్రజలందరిలాగే ఆమె కూడా ఆ ఉత్తర్వును సగమే అర్థం చేసుకుంది.

ఉత్తర్వు వెనక కథ మాత్రం అందరికీ పూర్తిగా తెలుసు. అధికారంలో ఉన్న ఓ పెద్దాయన కొత్తగా కుదిరిన వియ్యాలవారిని సకుటుంబంగా ఓ సినిమా రెండో భాగానికి తీసుకెళ్లాడు. విశ్రాంతికి ముందే వియ్యంకుడు గుర్రు పెట్టాడు. విశ్రాంతి తర్వాత వియ్యపురాలు అలిగింది. మొదటి భాగం చూసి కుదుర్చుకున్న సంబంధం రెండో భాగం చూసి చెడిపోయింది. మామూలు మనిషి ఇంట్లో ఇలాంటిది జరిగితే ఆ సినిమాని తిట్టుకుని ఊరుకుంటారు. పెద్దాయన గనక మండలిని వేశాడు.

దాని పేరు రాష్ట్ర చలనచిత్ర భాగద్వయ సమానత్వ మండలి. బోర్డు మీద ఒక వరసలో పట్టక రెండు వరసల్లో రాశారు. రెండో వరస మొదటి వరస కన్నా చిన్నదైంది గానీ అప్పటికి ఎవరూ ఆక్షేపించలేదు.

విశాఖపట్నంలో, సముద్రం కనిపించే మేడలో కొలువుదీరిన ఆ మొదటి మండలి రెండేళ్లు పనిచేసింది. పనిచేసిందంటే ప్రతి నెలా సమావేశమై, ఉప్మా తిని, సముద్రం చూసి, లేచిపోయింది. ఒక్క సినిమా జోలికి వెళ్లలేదు. ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా రెండేళ్లు పదవిలో ఉన్న మనిషి ఇంకెక్కడా దొరక్కపోవడం వల్ల దాని అధ్యక్షుణ్ణి తీసుకెళ్లి మంత్రిని చేశారు. సమావేశ మందిరంలో ఆయన నిలువెత్తు ఫొటో, దాని కింద ‘మార్గదర్శి’ అన్న అక్షరాలు, దానికొక గంధపు దండ మిగిలాయి. బతికున్న మనిషికి దండేమిటని ఎవరో అడిగితే, అది గౌరవార్థం అన్నారు.

తర్వాత రెండో మండలి వచ్చింది. కష్టాలు దీనితో మొదలయ్యాయి, ఎందుకంటే ఇది పనిచేసింది.

దీని అధ్యక్షులు పరాంకుశంగారు. తూనికలు, కొలతల శాఖలో జీవితమంతా గడిపి రిటైరయిన మనిషి. ఆయన కన్ను పడితే చాలు, తక్కెడ తనంతట తానే సరిగా నిలబడుతుందని ఆ శాఖలో చెప్పుకునేవారు. కార్యదర్శి త్రిపురాంతకంగారు. ఏ ఉత్తర్వుకైనా దాన్ని రాసినవాడికే తెలియని అర్థం తీయగలరు. పరిశోధక సభ్యులు డాక్టర్ పినాకపాణి. సినిమాలో సౌందర్యం గురించి పట్టా పుచ్చుకున్నాడు. ఇక నియమావళి ప్రకారం, సినిమాల గురించి ఏమీ తెలియని సామాన్య గృహిణి ఒకరు ఉండాలి. ఆ ఖాళీలోకి హైమవతి వచ్చింది.

ఎంపిక రోజున పరాంకుశంగారు అడిగారు.

“ఏమమ్మా, సినిమాలు చూస్తుంటారా?”

“టీవీలో వస్తే వంటింట్లోంచి వింటానండి.”

“అంటే చూడరు. వింటారు. చాలా మంచిది. చూసినవాళ్లకి అభిప్రాయాలేర్పడతాయి.”

బి.ఏ. పాసయ్యానని ఆమె చెప్పబోయింది. అదొక అనర్హత అవుతుందేమోనని ఆగింది. ఆగడం వల్ల చెప్పకుండా మిగిలిపోయిన సంగతి ఇంకొకటుంది. అది బి.ఏ. కన్నా పెద్దది.

ఆరేళ్ల కిందట పోర్టు క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు, వాళ్ల వీధిలో ఓ సినిమా తీశారు. పేరు ‘తడిసిన గొడుగు’. కొత్త కుర్రాళ్లు చేతిలో డబ్బుల్లేక తీసిన సినిమా. దీపాలు అద్దెకి తెచ్చుకునే స్తోమతు లేక చీకట్లో తీశారు. అది శైలి అన్నారు జనం. వాన పడితే గొడుగు కింద తీశారు. అదీ శైలే అన్నారు. సస్పెండయిన ఎస్సై ఒకడు, హార్బర్లో ఓ హత్య, హత్య చూసిన ఓ విధవరాలు. ఆమె నోరు మూయించడానికి గొడుగేసుకుని వచ్చిన హంతకుడు ఒకడు. వాడు ఆమె వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటాడు. ఒళ్లో తువ్వాలు కింద తుపాకీ. రెండు రోజులుగా తిండి లేదు వాడికి. పొయ్యి మీద మూకుట్లో దిబ్బరొట్టె కాలుతోంది. రొట్టె అయ్యేదాకా వాడు కాల్చడు. అది ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని వాడికీ తెలుసు. ఆమె మంట తగ్గిస్తుంది. ఇంకా తగ్గిస్తుంది. మాటల్లేవు, సంగీతం లేదు, మూత కింద రొట్టె చిటపట ఒక్కటే. చివరికి రొట్టె తిరగెయ్యక తప్పదు. తిరగేస్తుంది. ఎర్రగా, అంచు చెదరకుండా తిరగబడుతుంది. వాడు తింటాడు. తిని, తుపాకీ అక్కడే వదిలేసి, తడిసిన గొడుగు తీసుకుని వెళ్లిపోతాడు. హాల్లో ఆ ఏడు నిమిషాలూ ఎవరూ పల్లీలు కూడా నమల్లేదు.

ఆ విధవరాలి వేషం వేసిన అమ్మాయి బొంబాయి నుంచి వచ్చింది. దిబ్బరొట్టె సంగతి అటుంచి, అట్లకాడ ఏ వైపు పట్టుకోవాలో ఆమెకి తెలియదు. మూడు రొట్టెలు మాడ్చాక దర్శకుడు తల పట్టుకుని గుమ్మంలో కూర్చుంటే, ఆ వంటింటి ఇల్లాలు జాలిపడింది. “లే నాయనా, నేను తిరగేస్తాను” అంది. కెమెరా ఆమె మోచేతుల దాకా తీసింది. ముఖం బొంబాయిది, చేతులు హైమవతివి. తర్వాత ఆ అమ్మాయికి ‘చేతులతోనే నటించినందుకు’ బహుమతి వచ్చింది. ఆ బహుమతి కూడా ఆమె రెండు చేతులా అందుకుంది.

హైమవతి ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత రెండేళ్లకి కంటైనర్లు పెట్టుకోవడానికి క్వార్టర్స్ కూల్చేశారు. పద్దెనిమిదేళ్లు వండిన వంటిల్లు, మసి పట్టిన అరమర, గోడకి తను కొట్టిన మేకు, కిటికీలోంచి కనిపించే క్రేను ఇప్పుడు ఆ సినిమాలో తప్ప ఎక్కడా లేవు. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా జోగారావు వీధి వీధంతా వినిపించేట్టు కేకేస్తాడు. “ఏమే! పరిగెత్తుకురా! నీ చేతులొచ్చాయి!”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడుతుంది. నిలబడే చూస్తుంది, కూర్చుంటే ఏదో గర్వంగా ఉన్నట్టుంటుందని.

రెండో మండలి ముందుకి వచ్చిన మొట్టమొదటి సినిమా ‘తడిసిన గొడుగు – 2’.

దీనికి డబ్బుంది. నిర్మాత రామభద్రరాజుగారు భీమవరం నుంచి రొయ్యల చెరువులు దాటుకుని సినిమాల్లోకి వచ్చినాయన. మొదటి భాగంలో వాన ఒక్క రాత్రే కురుస్తుంది. ఇందులో విరామం లేకుండా, ఇళ్లలోపల కూడా కురుస్తుంది. మొదటి భాగంలో ఎస్సై మాసిన చొక్కాతో తిరుగుతాడు. ఇందులో విశాఖపట్నం ఉక్కలో మోకాళ్ల దాకా తోలు కోటు వేసుకుని, చీకట్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని తిరుగుతాడు. ఆ చీకట్లో అతనికి కనపడదు, అతను మనకి కనపడడు. ప్రతి గదిలోనూ ఫ్యాను రెక్కల నీడ గోడ మీద తిరుగుతుంది. ఆర్టీసీ బస్సులో కూడా తిరిగింది. ప్రతి పాత్రా సిగరెట్టు వెలిగించి, పొగ వదిలి, “ఈ ఊరికి మనుషులు తెలీదు. నీడలే తెలుసు” అంటుంది. హోటలు సర్వరు కూడా ఇడ్లీ ఉందా లేదా చెప్పకుండా అదే అన్నాడు.

రొట్టె సీను ఇందులోనూ ఉంది. గోళ్లకి వెండిరంగు వేసుకున్న చేతులెవరివో మూకుడు ఎగరేస్తే, దిబ్బరొట్టె గాల్లో మూడు పల్టీలు కొట్టి, తుపాకీ గుండు దానిలోంచి దూసుకుపోయి, ఆ కన్నంలోంచి హీరో కన్ను కనిపించింది. హైమవతికి నవ్వాగలేదు. నోటికి కొంగడ్డం పెట్టుకుంది. నవ్వు వినేవాళ్లెవరూ లేరు నిజానికి. హాలంతా నిద్రపోతోంది.

మర్నాడు సమావేశంలో పరాంకుశంగారు లెక్కలు తేల్చారు. ఆయన తన పాత శాఖ నుంచి కాంతి కొలిచే పరికరం, వాన కొలిచే గొట్టం తెప్పించి రెండు భాగాలనీ శాస్త్రీయంగా తూచారు.

“చీకటిలో రెండో భాగం మొదటిదానికి నాలుగింతలు. వానలో పదకొండింతలు. పొగ కొలవలేకపోయాం, పరికరం ఊపిరాడక ఆగిపోయింది. ఇన్నిటిలో మిగులున్నా ప్రేక్షక జాగృతి అనే ఒక్క అంశంలో లోటు కనిపిస్తోంది.”

“జాగృతి అంటే ఏమిటండి?” అడిగింది హైమవతి.

“మెలకువ.”

“అసంపూర్ణతలో కూడా ఒక సౌందర్యముంటుంది” అన్నాడు పినాకపాణి. “నిద్ర అనేది ప్రేక్షకుడు సినిమాకిచ్చే లోతైన స్పందన.”

“స్పందనకి మా దగ్గర కొలమానం లేదండి. మెలకువకి ఉంది” అన్నారు అధ్యక్షులు. “లోటున్న సరుకుని అంగట్లో పెట్టనివ్వను. సినిమా విడుదలకి వీల్లేదు.”

అంతవరకూ గుమ్మం దగ్గర చెమటలు తుడుచుకుంటున్న రాజుగారు లోపలికి వచ్చేశారు.

“అదేంటండి బాబూ! చెరువులు తాకట్టు పెట్టి తీశానండి. బాగు చెయ్యమంటే ఎలా చేస్తానండి? హీరోగారు గడ్డం తీసేసి భక్తి సినిమాలో నారదుడేశారు. దర్శకుడు ఫోనెత్తడం లేదు. ఆ వానకి తెచ్చిన ట్యాంకర్లు మున్సిపాలిటీవాళ్లు పట్టుకుపోయారు. ఇంకెక్కణ్ణించి పెంచనండి ఆ మెలకువ!”

గదిలో జాలి వ్యాపించింది. ఆ జాలిలో త్రిపురాంతకంగారు మెల్లగా కళ్లజోడు సవరించుకున్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుంటే ఎవరి కొంపో మునిగిందని ఆఫీసులో అందరికీ తెలుసు.

“అధ్యక్షులవారి అనుమతితో ఒక మనవి. ఉత్తర్వులో ఉన్నది ఒక్కటే మాట. ‘రెండు భాగముల నడుమ హెచ్చుగాని తగ్గుగాని ఉండరాదు.’ అంతే. రెండోదాన్ని పెంచవలెనని ఎక్కడుంది?”

ఎవరికీ అర్థం కాలేదు.

“ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉన్నప్పుడు చదును చెయ్యడానికి రెండు మార్గాలుంటాయి కదండీ. పల్లం పూడ్చడం ఒకటి. అది ఖర్చుతో కూడినది.” ఆయన ఆగారు. “మొదటి భాగాన్ని తగ్గిద్దాం.”

పరాంకుశంగారి ముఖం వెలిగింది. తక్కెడలో ఒకవైపు బరువు చాలకపోతే రెండోవైపు తీసెయ్యడం ఆయన శాఖకి కొత్త కాదు.

“శభాష్” అన్నారు. “మొదటి భాగం ప్రతులన్నీ, అంటే టీవీలవీ, ఫోన్లలో చూసేవీ, డబ్బాల్లో ఉన్నవీ వెనక్కి రప్పించి, తగు మేరకు తగ్గించి, సమానత్వ ముద్ర వేసి పంపుదాం. కోత పూర్తయ్యాక అసలు ప్రతిని ఉంచకూడదు. ఉంచితే జనం పోల్చి చూస్తారు.”

రాజుగారు వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టారు. పినాకపాణి దీన్ని విలోమ సౌందర్యం అన్నాడు.  హైమవతి చేతులు ఒళ్లో ఉన్నాయి. వాటినే చూసుకుంది.

కోత మొదలైంది. ముందు పేర్లు పడేటప్పుడే హంతకుడెవరో రాసేశారు. మళ్లీ తూచారు. ఇంకా బాగానే ఉంది. సగం వాన తీసేశారు. అయినా బాగానే ఉంది. నారదుడి సినిమా సెట్టు ఖాళీగా ఉందంటే అక్కడ ఓ పాట తీసి, శవపరీక్షకీ పోలీసు విచారణకీ మధ్య అతికించారు. ఎస్సై నడకని సాగదీశారు. అతను వీధి చివరికి చేరేలోపు మండలి సభ్యులు కిందకి వెళ్లి టీ తాగి వచ్చారు. ప్రతిసారీ ఆఫీసు సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టి, ఎంతమంది మేలుకుని ఉన్నారో పరాంకుశంగారు స్వయంగా టార్చిలైటు వేసి చూసేవారు. ప్రతిసారీ నిట్టూర్చేవారు.

“ఇంకా బాగానే ఉందయ్యా. ఎలా తీశారో గానీ, ఎంత కోసినా చావడం లేదు.”

ఈలోగా మండలి కీర్తి జిల్లాలు దాటింది. సినిమాలకేనా, అన్నిటికీ రెండో భాగాలున్నాయి కదా అని త్రిపురాంతకంగారికి తోచింది. అధ్యక్షుల సంతకంతో ఓ సర్క్యులర్ వెళ్లింది. ‘ఏ కట్టడమునకైనను, ఏ పథకమునకైనను, ఏ సంస్థకైనను రెండవ భాగమనునది యున్నయెడల ఇదే సూత్రము వర్తించును.’ దాంతో రెండో దశలో వేసిన రోడ్డుతో సమానం చెయ్యడానికి మొదటి దశ రోడ్డు మీద గుంతలు తవ్వారు. పార్కు రెండో భాగంలో బెంచీలు లేవు గనక మొదటి భాగంలో బెంచీలు పీకేశారు. నడకకి వచ్చిన ముసలాయన ఒకాయన బెంచీ కోసం వెతికి, చివరికి రెండు భాగాల మధ్య గట్టు మీద కూర్చుంటే, అతన్ని ఏ భాగంలో లెక్కెయ్యాలో తెలియక లేపేశారు.

ఓ సాయంత్రం హైమవతి ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడింది.

“ఏటే, అలా ఉన్నావ్?” అన్నాడు జోగారావు.

“పట్టేశారండి.”

“ఏటి?”

“ఇవాళ సినిమా నడుస్తుంటే ఆఫీసంతా నిద్రపోయింది. మా అధ్యక్షులవారి మొహం చూడాలి, పెళ్లి కుదిరినంత సంబరం. సరిగ్గా అప్పుడు రొట్టె సీనొచ్చింది. ఒక్కొక్కరూ లేచి కూర్చున్నారు. టైపిస్టు ఆకలేస్తోందంది. ఇదే లోపం అన్నారు. ఎల్లుండి సమావేశంలో ఆ సీను మొత్తం తీసేస్తారట.”

జోగారావు లేచి నిలబడ్డాడు. పోర్టులో క్రేన్లు మొరాయించినప్పుడు కూడా అంత గబుక్కున లేవడు.

“నీ చేతులు తీసేస్తారేటి! ఆళ్లెవరే తియ్యడానికి! మన వంటిల్లుందే అందులో! మన క్రేనుందే! నువ్వెళ్లి చెప్పెయ్. ఆ చేతులు నావీ, తియ్యడానికి వీల్లేదూ అని చెప్పెయ్.”

“చెబితే మొదట నన్ను తీసేస్తారు, సినిమా గురించి తెలిసినదాన్నని. ఆ తర్వాత తీరిగ్గా చేతుల్ని తీసేస్తారు.”

“అయితే ఆళ్ల ముందు ఏడువు.”

“ఏడిస్తే ఏమొస్తుందండి. ఆ పినాకపాణిగారు ఆ చేతుల మీద ఇరవై పేజీల వ్యాసం రాశాడు తెలుసా? రొట్టె తిరగేసేటప్పుడు మణికట్టు వణికిందట. అందులో అస్తిత్వ వేదన ఉందట.”

“వేదనేటి? నూనె చింది కాలింది కదే. కాలినచోట నేనే కదా ఇంకు రాశాను.”

“ఆ మాట ఆయనతో అంటే ఆయన పట్టా పోతుంది.”  ఆమె పెదవి ఒక పక్కకి వంగింది. ఆ వంపు జోగారావుకి తెలుసు. పెళ్లయిన కొత్తలో మేనత్త ఒకావిడ నెల రోజులుంటానని వచ్చి, మూడో రోజు తనంతట తానే పెట్టె సర్దుకుని వెళ్లినప్పుడు ఇలాగే వంగింది. “ఆ మంత్రిగారి ఫొటోకి దండ మార్చి ఎన్నాళ్లయిందో” అంది.

“దానికీ దీనికీ ఏటే సంబంధం?”

“దణ్ణం పెట్టుకోవాలండి. ఆపద వచ్చింది కదా.”

సమావేశం రోజున హైమవతి బంతిపూల దండ పట్టుకెళ్లింది. గంధపు దండ తీసి, ఫొటో తుడిచి, పూలదండ వేసింది. మంత్రిగారు బంతిపూల మధ్య నుంచి చిరునవ్వు నవ్వారు. పరాంకుశంగారు ముచ్చటపడ్డారు.

“చూశారా, సంస్కారమంటే గృహిణులకే. సరే, మొదలుపెడదాం. అంశం ఒకటే. రొట్టె దృశ్యం తొలగింపు.”

“బాధాకరమే” అన్నాడు పినాకపాణి. “కాని ఆ చేతులు ఉన్నంతవరకూ సమానత్వం అసాధ్యం.”

“తీర్మానించవచ్చునా?” అన్నారు త్రిపురాంతకంగారు.

“ఒక చిన్న అనుమానమండి” అంది హైమవతి.

“అడగండమ్మా. అనుమానాలు అడగడానికే కదా మీరున్నది.”

“నేను తెలియనిదాన్ని. మన సర్క్యులర్లో ఏ సంస్థకైనా రెండో భాగముంటే అని ఉంది కదండీ. మరి మనది రెండో మండలి కదా. మనకి కూడా వర్తిస్తుందా అని.”

పరాంకుశంగారు గర్వంగా నవ్వారు. “నిస్సంశయంగా వర్తిస్తుంది! తన తక్కెడ తాను తూచుకోని అధికారి అధికారే కాదు.”

“అయితే మనం మొదటి మండలి కన్నా ఎక్కువాండి, తక్కువాండి?”

“ఎక్కువ!” అన్నాడు పినాకపాణి ఉత్సాహంగా. “వాళ్లు ఒక్క సినిమా ముట్టుకోలేదు. మనం…”

మాట సగంలో ఉండగా అతని చూపు గోడ మీద పడింది. బంతిపూల మధ్య నుంచి మార్గదర్శి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పినాకపాణి మిగతా సగం మింగేశాడు.

“ఎక్కువంటే మంత్రిగారు మనకన్నా తక్కువన్నమాటండి” అంది హైమవతి. “ఆ మాట తీర్మానంలో రాసుకోమంటారా?”

“వద్దు వద్దు!” అన్నారు అధ్యక్షులు. “ఆయనతో మనకి పోలికేమిటి? ఆయనెక్కడ, మనమెక్కడ! మనమే తక్కువ.”

“అయ్యో, అలాగైతే హెచ్చుతగ్గులొచ్చాయి కదండీ. రెండో మండలి తక్కువైతే సూత్రం ప్రకారం మొదటి మండలిని తగ్గించాలి.” ఆమె కార్యదర్శి వైపు అమాయకంగా తిరిగింది. “మంత్రిగారిని ఎంత మేరకు తగ్గించాలండి? ఆయన ప్రతులన్నీ వెనక్కి రప్పించాలి కాబోలు.”

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. దాని రెక్కల నీడ గోడ మీద తిరుగుతోంది. రాజుగారి సినిమాలోలాగే ఉంది గానీ, ఈసారి ఎవరికీ నిద్ర రాలేదు.

త్రిపురాంతకంగారు కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. ఏ ఉత్తర్వుకైనా అర్థం తీసే మనిషి తన సర్క్యులర్‌కి ఇంకో అర్థం కోసం గదంతా వెతికి వచ్చారు.

“మిగిలింది ఒకటే మార్గం” అన్నారు హీనస్వరంతో. “మనం మొదటి మండలితో సరిసమానం. హెచ్చూ కాదు, తగ్గూ కాదు.”

“అదే! సమానం!” అన్నారు పరాంకుశంగారు ఊపిరి పీల్చుకుని. “సమానమని రాసుకోండి.”

“రాసుకుంటారు లెండి” అంది హైమవతి. “కాకపోతే వాళ్లు ఏ సినిమా జోలికీ వెళ్లలేదు. మనం వెళ్లాం. పాట కలిపాం, వాన తీశాం. మంత్రిగారు ఎప్పుడైనా అడిగితే సమానమని ఎలా చూపిస్తామా అని, ఆడదాన్ని కదండీ, నాకు బెంగ.”

పరాంకుశంగారు చాలాసేపు మంత్రిగారి ఫొటో వంక చూశారు. కొలతల శాఖలో ముప్పయ్యేళ్లు తూచిన మనిషి చివరిసారి తూచుతున్నాడు. ఒకవైపు ఏడు నిమిషాల రొట్టె. రెండోవైపు తన కుర్చీ.

“కార్యదర్శిగారూ, రాసుకోండి. ఈ మండలి మొదటి మండలి అడుగుజాడల్లో నడుస్తూ ఇంతవరకు ఏ చర్యా తీసుకొనలేదు. తీసుకొన్నట్లు కనిపించు చర్యలన్నియు తీసుకొననివిగా పరిగణించబడును. కలిపిన పాట కలపబడలేదు. తీసిన వాన తీయబడలేదు. మొదటి భాగం మునుపు ఎక్కడున్నది అక్కడే, ఎట్లున్నది అట్లే యుండును.”

“రెండో భాగం సంగతండీ?” గుమ్మంలోంచి రాజుగారి గొంతు.

“దాన్నీ మేం చూడలేదు. విడుదల చేసుకోండి.”

“చూసి పడుకున్నారు కదండి బాబూ, మీరంతా!”

“పడుకున్నాం గనకే చూడలేదంటున్నాం” అన్నారు త్రిపురాంతకంగారు. చాలా రోజుల తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన ఒకే ఒక్క సూటి మాట అది.

తర్వాత ఉప్మా వచ్చింది. అందరూ తిని సముద్రం చూశారు.

‘తడిసిన గొడుగు – 2’ విడుదలైంది. జనం వెళ్లారు, నీడలు చూశారు, తడిసినట్టనిపించి ఇంటికొచ్చారు. మొదటిది ఎంత బాగుండేదో గుర్తొచ్చి టీవీవాళ్లకి ఫోన్లు చేశారు. రెండో భాగం పుణ్యమా అని మొదటి భాగానికి అంత గిరాకీ ఎన్నడూ లేదు. రాజుగారు మూడో భాగం ప్రకటించారు. అందులో వాన ఉండదట, మంచు పడుతుందట. ‘తవ్వబడనివిగా పరిగణించబడిన’ గుంతలు మాత్రం రోడ్డు మీద అలాగే ఉన్నాయి. అవి లేనట్టే గనక వాటిని పూడ్చే అధికారం ఎవరికీ లేదు.

ఓ ఆదివారం పగలు హైమవతి కొత్త ఇంటి వంటింట్లో మూకుడు పెట్టింది. ముందుగదిలోంచి కేక వచ్చింది.

“ఏమే! పరిగెత్తుకురా! నీ చేతులొచ్చాయి!”

ఆమె మంట తగ్గించి వచ్చి నిలబడింది. మసి పట్టిన అరమర, మేకు, కిటికీలో క్రేను, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చేతులు మూత తీశాయి, అట్లకాడ పెట్టాయి, మణికట్టు చురుక్కున వణికింది, రొట్టె ఎర్రగా తిరగబడింది. ఈసారి హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుంది.

సినిమా అయ్యాక పళ్లెంలో రొట్టె ముక్క పెట్టి, అల్లప్పచ్చడి వేసి మొగుడికిచ్చింది. జోగారావు కొరికి, నమిలి, ఓ కన్ను ఆగిపోయిన టీవీ వైపు వేశాడు.

“బావుంది గానీ… ఆ సినిమాలో రొట్టెలా లేదే ఇది.”

“దానికేముందండి, ఇప్పుడే సమానం చేసేద్దాం. ఆ సినిమాలో రొట్టె కాస్త మాడ్చమని మా మండలికి రాస్తాను.”

 జోగారావు పళ్లెం ముందుకి జరిపి రెండో ముక్క వేయించుకున్నాడు. అది మొదటి ముక్కకి ఏమీ తీసిపోలేదు.